రేవు దాకా వెళ్లని మాట

"ఏటి ఒడ్డున పల్లకి ఆగిందే, ఎదురెళ్లి తేరమ్మా…" ఆ పై చరణం దీవెనమ్మకి గుర్తు లేదు. చిన్నప్పుడు పెళ్లివారు పొలిమేరకి రాగానే ఆ పాట పాడుకుంటూ ఎదురెళ్లి, వాళ్లని వెంటబెట్టుకుని ఊళ్లోకి తీసుకురావడం మాత్రం గుర్తుంది.

ఆవిడ పెద్దకొడుకు ఏలియాజరు గోదావరి లంకలో తమ ఊళ్లోనే పాస్టరుగా ఉండేవాడు; మంచివాడే గాని, వాదం మొదలైతే లోకం పట్టేది కాదు. బైబిలు కాలేజీలో నేర్చుకున్న గ్రీకు మాటలంటే అతనికి ప్రాణం.

చిన్నకొడుకు యోబు ఒక కొట్లాటలో జైలుకి వెళ్లాడు. విడుదలైన రోజు తల్లికి ఫోను చేశాడు.

"అమ్మా, సాయంత్రం పడవకి వస్తున్నా. ఊళ్లో ఒంటరిగా నడవడానికి మొహం చెల్లదే. అన్నయ్యని రేవుకి రమ్మను. ఎవరూ లేకపోతే అదే పడవలో వెనక్కి పోతా."

దీవెనమ్మ మోకాళ్లు రేవు దాకా మొయ్యవు. "నేనున్నాగా, వెళ్తానమ్మా" అన్నాడు ఏలియాజరు.

ఆ సాయంత్రం చర్చిలో క్రీస్తు రెండవ రాకడ మీద ఏలియాజరు పాఠం చెప్పాడు. దీవెనమ్మ ముందు చాప మీద కూర్చుంది.

"మేఘాల్లో ప్రభువును ఎదుర్కొంటాం అని బైబిల్లో ఉందే, కలబడతామా ఏంటి అయ్యగారూ?" అని సంఘపెద్ద జ్ఞానయ్య నవ్వాడు.

ఏలియాజరు కళ్లు మెరిశాయి. "కాదు పెదనాన్నా! గ్రీకులో ఆ మాట అపాంతేసిస్. రాజు వస్తుంటే ఊరివాళ్లు బయటికి ఎదురెళ్లి, మర్యాదగా ఊళ్లోకి తీసుకొచ్చేవారు. మన పెళ్లిళ్లలో ఎదురుకోలు లాంటిదే!"

గ్రీకువాళ్లకీ ఎదురుకోళ్లు ఉండేవా అని దీవెనమ్మ అబ్బురపడింది. అంతలో యోబు గుర్తొచ్చాడు. "నాయనా, పడవ వేళైంది."

"ఒక్క మాట చెప్పి వెళ్తానమ్మా."

"అయితే మేఘాల్లోకి ఎదురెళ్లి అటే పోతామా, ఆయనతో కిందికి వస్తామా?" జ్ఞానయ్య వదల్లేదు. ఏలియాజరూ వదల్లేదు. ఒక్క మాట పది మాటలైంది.

"నాయనా!"

"అయిపోయిందమ్మా!"

రేవు వైపు నుంచి ఇంజను చప్పుడు వినిపించింది. దగ్గరైంది. ఆగింది. మళ్లీ మొదలై దూరమైంది.

ఏలియాజరు పుస్తకం వదిలేసి పరుగెత్తాడు. రేవులో ఎవరూ లేరు. అదే ఆఖరి పడవ.

మర్నాడు తొలి పడవకే అవతలి ఒడ్డుకి వెళ్లాడు. యోబు టీ కొట్టు బల్ల మీద కూర్చుని ఉన్నాడు.

"పాఠం అయిపోయిందా అన్నయ్యా?" అన్నాడు, అన్న సంగతి తెలిసినవాడే గనక.

ఏలియాజరు తల దించుకున్నాడు. "ఆలస్యమైందిరా. రా, ఇంటికి పోదాం."

"ఆ పాఠాలు నాకు తెలీవు. గట్టు మీద మనిషి ఉన్నాడా లేడా అని చూశానంతే. ఈసారికి వద్దులే." యోబు లేచి బస్సెక్కి వెళ్లిపోయాడు.

ఏలియాజరు ఒక్కడే ఇంటికొచ్చి, జరిగింది తల్లికి చెప్పాడు.

"ఆ గ్రీకు మాటకి అర్థం తప్పు చెప్పావా నాయనా?" అని దీవెనమ్మ మెల్లగా అడిగింది.

"అర్థం తప్పలేదమ్మా, నేనే తప్పాను. రాకడ గురించి ఎంత తెలిస్తే ఏం లాభం? లేచి ఎదురు వెళ్లినవాడే నిజంగా ఎదురు చూసినవాడు."