రెండు చుక్కలు, ఒక నక్క

రాళ్ళగుట్ట కింద రెండు దొడ్లు. ఒకదాంట్లో తల్లిగొర్రెలు, పక్కదాంట్లో పిల్లలు. మధ్యలో ఎత్తైన కంపదడి, దానికో చిన్న తడక. పిల్లల దొడ్డి వెనకవైపు బయటికి ఇంకో తడక. తల్లులు పగలంతా గుట్టమీద మేసి సాయంత్రం దిగుతాయి. కాపరి కుక్కను వెంటబెట్టుకుని వాగుకు వెళ్తే, తడక తీసి ఏ తల్లికి ఆ పిల్లను అప్పగించే పని గాడిద గంగన్నది.

గంగన్న పద్ధతి సులువు. తల్లి తన పిల్ల పేరు చెబుతుంది, ఆ పేరున్న పిల్ల బయటికొస్తుంది.

ఆ ఏడు సంతలో కొన్న నల్లగొర్రె ఒకటి మందలోకి వచ్చింది. పేరు తుమ్మెద. మేతలో ఎవరూ దాని పక్కన నిలబడరు, నీళ్ళ దగ్గర ఎవరూ చోటివ్వరు. దానికి ఉన్నదల్లా ఒక్క పిల్ల. నుదుట తెల్లచుక్క ఉంది కాబట్టి దాన్ని చుక్క అన్నారు. మందలో పెత్తందారు గొర్రె పాలకంకి పిల్లకూ అలాంటి చుక్కే. దాని పేరూ చుక్కే.

మొదటి సాయంత్రం తుమ్మెద వంతు చివర వచ్చింది.

"చుక్కను పంపు, గంగన్న మామా."

"చుక్క ఇందాకే పోయిందమ్మాయ్. ఒక పేరుకు ఒక పిల్ల."

"మూల అరుస్తున్నది నా పిల్లే మామా."

"అన్నీ అలాగే అరుస్తాయి."

పాలకంకి నెమరు ఆపి నవ్వింది. "ఏమే కొత్తదానా, వచ్చీ రాగానే నా బిడ్డ పేరే దొరికిందా?"

తడక మూసుకుంది. తుమ్మెద పొదుగు బిగిసి పాలు మట్టిలోకి కారాయి. దడికి అవతల ముక్కు, ఇవతల ముక్కు. నడుమ తుమ్మముళ్ళు. మిగతా దొడ్డంతా పిల్లలు పాలు కుడుస్తున్న చప్పుడు.

ఈ మాటలన్నీ బండ వెనక నక్క విన్నది.

మర్నాడు పొద్దు వాలుతుండగా పిల్లల దొడ్డి వెనక తడక దగ్గర సన్నని గొంతు వినిపించింది. "గంగన్న మామా, నేను తుమ్మెదను. వెనకబడి ఇటు వచ్చేశాను. నిన్న నా చుక్కను ఇవ్వలేదు, ఇవాళైనా ఇవ్వవా?"

గంగన్న మనసు కరిగింది. "నిన్న పస్తుపెట్టాను, పాపం. ఇవాళ నీకే ముందు."

నడిమి తడకకు ఇవతల నిలబడ్డ తుమ్మెద ఆ మాటలు విన్నది. 'తుమ్మెదను నేనే' అని అరుద్దామనుకుంది. అరిస్తే? రెండు చుక్కలున్నట్టే రెండు తుమ్మెదలవుతాయి. ఈ గాడిద ఎవరిని నమ్ముతుంది? పేరు ఎవరి నోటైనా పలుకుతుంది. పలకలేనిదేదో కావాలి. తడక సందులోంచి గాలి పీల్చింది. చుక్కలు రెండూ తడక పక్కనే ఉన్నాయి. ఒకదాని ఒంటిమీద తన వాసన, ఎడమవైపున్నదాని మీద పరాయి వాసన.

"మామా," అంది మెల్లగా, "ఎడమవైపు చుక్కను తీసుకెళ్ళు. వెనక ఉన్నదాన్ని తడక సందులోంచి మూతి పెట్టి, తన పిల్ల అవునో కాదో వాసన చూసి చెప్పమను."

"నువ్వెవరు?"

"తర్వాత చెప్తాను."

గంగన్న అలాగే చేశాడు. సందులోంచి మూతి వచ్చింది. "ఇదే మామా, నా కడుపు పండు. త్వరగా తడక తియ్యి."

"అది నా బిడ్డే!" ఇవతలి నుంచి పాలకంకి గావుకేక పెట్టింది. "ఏ గొర్రైనా పరాయి పిల్లను నాదంటుందా? కుమ్మి తోలదూ!"

గంగన్న వంగి చూశాడు. గొర్రెకు అంత పొడుగు మీసాలా? వెనక్కి తిరిగి ఒక్క తాపు తన్నాడు. ముందుపళ్ళు రాలిపోయి నక్క గుట్టెక్కింది.

"ఇప్పుడు చెప్పు, నువ్వెవరు?" అన్నాడు గంగన్న.

తుమ్మెద సందులో మూతి పెట్టింది. రెండో చుక్క తోక ఊపుకుంటూ పరిగెత్తుకొచ్చింది.

ఆనాటి నుంచి గంగన్న పేరు అడగడం మానేశాడు. సందులో మూతి పెట్టాలి, అంతే. కవలలున్న తల్లికి ఒకే వాసన మీద రెండు పిల్లలూ వచ్చేవి. చుక్క పెరిగి నుదుటి మచ్చ మాసిపోయినా పొరపాటు జరగలేదు. తుమ్మెద పక్కన మాత్రం ఇంకా ఎవరూ మెయ్యలేదు. సాయంత్రం తడక తెరిచేదాకా అది ఒంటరిదే.

బండ మీద బోసినక్క మందలోని పేర్లన్నీ ఒక్కటి తప్పకుండా వల్లించేది. ఏ పిల్లా తల ఎత్తేది కాదు.

నీతి: పేరు పదిమందికి ఉంటుంది, మచ్చ మాసిపోతుంది; తల్లినీ పిల్లనూ కలపాలంటే ఇంకెవరికీ లేని, ఎన్నటికీ మారని గుర్తు ఒకటుండాలి.