తాతబ్బాయి కడుపులో కోటిమంది చుట్టాలు

బొబ్బర్లపాలెంలో తాతబ్బాయి ఇంటికి తెలివైనవాళ్ళ ఇల్లని పేరు. ఆ పేరు ఊరు పెట్టింది కాదు, వాళ్ళే పెట్టుకున్నారు. ఊరు పెట్టిన పేరు వేరే ఉంది, అది పిల్లలు వింటుండగా చెప్పేది కాదు.

తాతబ్బాయికి ఇద్దరు కొడుకులు. పెద్దవాడు గవర్రాజు. వానొస్తే గొడుగు తడిసి పాడైపోతుందని దాన్ని చొక్కా లోపల దాచుకుని, తాను తడుస్తూ ఇంటికొచ్చే రకం. చిన్నవాడు దొరబాబు. ఊరెళ్ళేటప్పుడు తాళంచెవి ఎక్కడ పారేసుకుంటానోనని తాళానికే గట్టిగా కట్టేసి వెళ్ళేవాడు. గవర్రాజు పెళ్ళాం నాగరత్నం ఆ ఇంటికి తగ్గ కోడలే. పాలు పొంగుతుంటే పొయ్యి ఆర్పదు. గిన్నె మీద సన్నికల్లు పెట్టి, "ఇప్పుడెలా పొంగుతావో చూస్తా" అంటుంది.

ఇలాంటి పిల్లలు దొరికినందుకు తాతబ్బాయికి గర్వం. "మా ఇంట్లో ఉన్నంత తెలివి ఈ జిల్లాలో లేదండీ" అనేవాడు అరుగు మీద కూర్చుని. నిజమే. ఉన్నదంతా అక్కడే నిలవుండిపోయింది, ఒక్కసారి కూడా వాడలేదు.

తిండిలో కూడా వాళ్ళది తెలివే. "పొట్టు పారేసేది, లోపలిది తినేది" అని గవర్రాజు తీర్మానించాడు. అంతే. బియ్యం మూడుసార్లు మర ఆడించారు. పప్పుకి పొట్టు తీశారు. వంకాయకి తొక్క తీశారు. చిక్కుడుకాయకి తొక్క తీసి గింజ తిన్నారు, మర్నాడు ఆ గింజకి కూడా తొక్క ఉందని కనిపెట్టి అదీ తీశారు. తోటకూర అంతా పీచేనని అసలు వండటమే మానేశారు. తవుడు, పొట్టు, తొక్కలు, కాడలు, అన్నీ దొడ్లో గేదెకి. రెండు నెలలు తిరిగేసరికి గేదె నిగనిగలాడుతోంది. తాతబ్బాయికి మాత్రం ఆరు రోజుల్నుంచి విరేచనం లేదు.

ఆరు రోజులు! కడుపు మద్దెలలా బిగిసిపోయింది. కూర్చోలేడు, నుంచోలేడు. పొద్దున్నే చెంబు పట్టుకుని మరుగుదొడ్డికి వెళ్ళడం, గంటసేపు మూలగడం, చెంబుడు నీళ్ళూ అలాగే వెనక్కి తెచ్చుకోవడం. పాపం, ఎంత తెలివితక్కువ మనిషైనా ఆ బాధ పగవాడికి కూడా వద్దు.

"ఒరేయ్, నా వల్ల కాదు. ఏదో ఒకటి చెయ్యండ్రా" అన్నాడు ఆరోరోజున.

అన్నదమ్ములిద్దరూ ఆయుర్వేదం చూసే లక్ష్మణాచారిగారి దగ్గరికి పరిగెత్తారు. రోగిని తీసుకెళ్ళలేదు. "మందు తెలిసింది ఆచారిగారికి కదా, నాన్నకి ఏం తెలుసు?" అన్నాడు దొరబాబు. ఆచారి మంచి వైద్యుడు. ఆయనలో ఉన్న లోపం ఒక్కటే. ఎదుటివాడికి బుర్ర ఉందనుకుని మాట్లాడతాడు.

వాళ్ళు తినే తిండి సంగతి విని ఆయన నెత్తి కొట్టుకున్నాడు. "ఏమయ్యా, మీ ఇంట్లో తెలివిగా తింటున్నది ఆ గేదె ఒక్కటేనయ్యా! పెద్దపేగు కదలాలంటే పీచు పడాలి. గేదెకి పెట్టేదాంట్లో సగం మీ నాన్నకి పెట్టండి, లేచి తిరుగుతాడు."

"ఆయ్" అన్నారిద్దరూ.

ఇంకేముంది! ఇంటికొచ్చి, తాతబ్బాయిని రెక్కలు పట్టుకుని తీసుకెళ్ళి, కుడితి తొట్టి ముందు పీట వేసి కూర్చోబెట్టారు. దొరబాబు తొట్టి మధ్యలో ఒక కర్ర అడ్డం పెట్టాడు.

"ఇదేంట్రా?" అన్నాడు తాతబ్బాయి.

"ఇటు సగం నీది నాన్నా. దాని సగంలో మూతి పెట్టకు, మన పరువు పోద్ది."

తాతబ్బాయి ఊరికే తెలివైనవాళ్ళకి తండ్రి కాలేదు. కాసేపు ఆలోచించి, "మరి గేదెకి చెప్పారా?" అని అడిగాడు. చెప్పలేదు. ఆయన వంగి ఒక్క గుక్క కుడితి తాగాడో లేదో, గేదె తల విసిరింది. అంతే, పెద్దాయన వెళ్ళి పేడకుప్ప మీద వెల్లకిలా పడ్డాడు. ఆయన అలా పడి ఉండగానే గేదె తోకెత్తి, తన పని ధారాళంగా కానిచ్చుకుంది. తాతబ్బాయి ఆ క్షణంలో దాన్ని చూసి పడినంత అసూయ తన జన్మలో ఏ ధనవంతుణ్ణి చూసీ పడలేదు.

మర్నాడు మళ్ళీ ఆచారి దగ్గరికి. "తొట్టి దగ్గర కూర్చోబెట్టమన్నానా? దంపుడు బియ్యం, పొట్టుతో పెసరపప్పు, తోటకూర, జామకాయ! ఇంట్లో వండి, మనిషికి పెట్టినట్టు పెట్టండయ్యా!" అని అరిచాడాయన. అరిచి, ఇసబ్గోలు పొట్టు పొట్లం ఒకటి చేతిలో పెట్టాడు. "ఇది నీళ్ళు పడితే ఉబ్బుతుంది. ఒక చెంచా గ్లాసుడు నీళ్ళలో కలిపి వెంటనే తాగించండి. పైన ఇంకా నీళ్ళు పట్టించండి. ఆయన చాలు అనేదాకా పట్టించండి. నీళ్ళు తక్కువైతే లోపల గట్టిపడి మొదటికే మోసం."

నాగరత్నం చెంచాడు పొట్టు గ్లాసులో కలిపింది. ఉబ్బుతుందన్నారు కదా, ఎంత ఉబ్బుతుందో చూద్దామని ఇంటిల్లిపాదీ గ్లాసు చుట్టూ కూర్చున్నారు. తాతబ్బాయి కూడా కడుపు పట్టుకుని వచ్చి కూర్చున్నాడు. అరగంటకి గ్లాసు నిండా జిగురు ముద్ద. బోర్లిస్తే పడలేదు. అట్లకాడతో పెకలించి, "ఆఁ అనండి మావయ్యగారూ" అని మొత్తం ఆయన నోట్లో కుక్కేసింది. వెంటనే గవర్రాజు బిందె ఎత్తాడు.

సగం నీళ్ళు నోట్లోకి, సగం పంచె మీదకి. నోటి నిండా ముద్ద అడ్డం పడి తాతబ్బాయికి మాట రాదు. "మ్మ్! మ్మ్!" అంటూ రెండు చేతులూ ఊపాడు.

"చేతులు ఊపమనలేదు నాన్నా. చాలు అనమన్నారు" అన్నాడు గవర్రాజు.

"మ్మ్మ్మ్!"

"అది కాదు. చా... లు. రెండే అక్షరాలు. ఇంత పెద్దవాడివి, ఆమాత్రం రాదా?" అన్నాడు దొరబాబు, రెండో బిందె అందిస్తూ.

ఆ బిందె సగమయ్యాక ముద్ద జారింది. "చాలు!" అని తాతబ్బాయి అరిచిన అరుపుకి కప్పు మీద కాకులు లేచిపోయాయి. కడుపు మాత్రం కదల్లేదు. అదివరకు మద్దెలలా ఉంది, ఇప్పుడు నీళ్ళు నింపిన మద్దెలలా ఉంది.

ఎనిమిదో రోజున, మూడోసారి ఆచారి కొంచెం నెమ్మదిగా మాట్లాడాడు. పిల్లలకి చెప్పినట్టు చెబితే అర్థమవుతుందనుకున్నాడు, అదే కొంప ముంచింది.

"ఇది త్రిఫల చూర్ణం. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ, మూడూ కలిపి దంచింది. పడుకోబోయే ముందు ఒక చెంచా గోరువెచ్చని నీళ్ళతో ఇవ్వండి. రెండుపూటలా పెరుగన్నం పెట్టండి. మంచి పెరుగులో కంటికి కనపడని మంచి సూక్ష్మజీవులు కోట్లకొద్దీ ఉంటాయి. పేగుల్ని కాపాడేది అవే. వాటిని మీ ఇంటికొచ్చిన చుట్టాలనుకోండి. పీచు వాటికి భోజనం. వాటికి ఏ లోటూ రాకుండా మీరు చూసుకుంటే, మీ నాన్నని అవి చూసుకుంటాయి."

చుట్టాలు! అదీ కోట్లకొద్దీ!

అంతే, ఇంటి వాలకమే మారిపోయింది. గుమ్మానికి మావిడాకులు కట్టారు. దుప్పట్లు ఉతికారు. తాతబ్బాయి పెరుగు గిన్నె ముందు నోరు తెరిస్తే, "ఆగండి మావయ్యగారూ, అంత దూరం నుంచి వస్తున్నారు, కాళ్ళు కడుక్కోవద్దూ?" అని నాగరత్నం ముందు ఆయన గొంతులో చెంబుడు నీళ్ళు పోసింది. తరవాత పెరుగు పోసింది. గవర్రాజు తండ్రి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, బొడ్డు దగ్గర మొహం పెట్టి, "అన్నయ్యగారూ, వదినగారూ, ప్రయాణం సుఖంగా జరిగిందాండీ? బస్సులో సీటు దొరికిందాండీ?" అని అడిగాడు.

లోపల గుర్రుమంది.

"దొరికిందంట" అన్నాడు దొరబాబు.

నాకు ఇక్కడే ఒళ్ళు మండుతుంది. కన్నతండ్రి గ్లాసుడు మంచినీళ్ళు అడిగితే నువ్విస్తావా నేనిస్తానా అని ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకునే కొడుకులు, సూక్ష్మజీవుల కోసం చేతులు కట్టుకుని నిలబడ్డారు! ఇన్ని రోజులుగా మంచం పట్టిన మనిషికి తలగడ సర్దిన పాపాన పోలేదు కానీ, ఆయన కడుపు మీద విసనకర్రతో విసిరారు. లోపల ఉక్కగా ఉంటుందట.

భోజనాల దగ్గర మరీ ఘోరం. తోటకూర పప్పు, పొట్టు పెసలు, దంపుడు బియ్యం అన్నం, జామకాయలు, అన్నీ వరసగా దిగాయి. ఆచారి చెప్పినవే. చెప్పినంత కాదు, చుట్టాలకి సరిపడా.

"మొహమాటపడకండి వదినగారూ, ఇంకొంచెం వేయించుకోండి" అంటూ నాగరత్నం బొడ్డువంక చూసి బతిమాలి, నోట్లో పెట్టింది.

"ఇంక వద్దే అమ్మా" అన్నాడు తాతబ్బాయి.

"నీ సంగతి ఎవరడిగారు నాన్నా? నువ్వు నోరు తెరువు, అంతవరకే నీ పని" అన్నాడు గవర్రాజు.

పెద్దాయన బాధకి మూలిగితే దొరబాబు పరిగెత్తుకొచ్చి నోరు మూశాడు. "నువ్వలా మూలిగితే మనింట్లో మర్యాద లేదనుకుంటారు నాన్నా!"

ఇంత తిండి తిన్నాక కాసేపు నడుం వాలుద్దామని తాతబ్బాయి మంచం దగ్గరికి వెళ్ళాడు. నాగరత్నం చూర్ణం చెంచాతో సిద్ధం. "పడుకోబోయే ముందు ఇమ్మన్నారండి." మింగాడు, ఒరిగాడు. కడుపులో మెలిపెడితే లేచాడు. మళ్ళీ ఒరగబోయాడు, మళ్ళీ చెంచా. లేచినప్పుడల్లా పడుకోవాలి కదా, పడుకోబోయినప్పుడల్లా చెంచా. కుర్చీలో కునుకు పట్టినా "అదీ పడుకోవడమే" అని ఒకటి పోసింది. మర్నాడు పొద్దున్నకి తొమ్మిది చెంచాలు.

మందన్నాక పని చెయ్యకుండా ఉంటుందా? మర్నాడు పదిన్నర దాటాక అరుగు మీద కూర్చున్న తాతబ్బాయి ఉన్నట్టుండి నిటారుగా అయ్యాడు. కళ్ళు పెద్దవయ్యాయి. ఆరు రోజులు, కాదు కాదు, అప్పటికి తొమ్మిది రోజులుగా ఎదురుచూసిన కబురు కడుపులోంచి వచ్చింది.

"వస్తోంది! వస్తోందర్రా!" అని పంచె ఎగ్గట్టి, చెంబు లాక్కుని, దొడ్లోకి దౌడు తీశాడు.

అప్పటికే మరుగుదొడ్డి తలుపుకి గొళ్ళెం వేసి, దానికి వీపానించి గవర్రాజు నిలబడ్డాడు. పక్కన దొరబాబు చేతిలో పంచాంగం.

"తప్పుకోరా!"

"ఎలా తప్పుకుంటాం నాన్నా? ఇవాళ శుక్రవారం. శుక్రవారం పూట చుట్టాల్ని ఇంట్లోంచి పంపిస్తారా ఎవరైనా?"

"వాళ్ళు వెళ్ళట్లేదురా, నేను వెళ్తున్నా!"

"నువ్వెళ్తే వాళ్ళాగుతారా?" అన్నాడు దొరబాబు. "అందులోనూ రాహుకాలం. పన్నెండింటిదాకా ఉంది. అన్ని కోట్లమందిలో ఎంతమంది ఆడపడుచులుంటారో, ఎంతమంది కడుపుతో ఉన్నవాళ్ళుంటారో!"

తాతబ్బాయి ఒక కాలు మీద నుంచున్నాడు. కాసేపటికి రెండో కాలు మీద నుంచున్నాడు. చెమటలు కారిపోతున్నాయి. "గవర్రాజూ, నిన్ను భుజాన మోసి పెంచాన్రా. ఈ ఒక్కసారి గొళ్ళెం తియ్యరా" అని ఏడ్చాడు.

గవర్రాజు కళ్ళలో కూడా నీళ్ళు తిరిగాయి. "నీకోసం ప్రాణమైనా ఇస్తాను నాన్నా. గొళ్ళెం మాత్రం తియ్యను."

అప్పుడు కడుపులో పెద్ద చప్పుడైంది. నాగరత్నం చెవి పెట్టి వింది. "వెళ్తాం అంటున్నారండి."

"వెళ్తాం అనకూడదు, అపశకునం! వెళ్ళొస్తాం అనమను" అన్నాడు దొరబాబు.

"వెళ్ళొస్తాం! వెళ్ళొస్తాం! వాళ్ళ తరఫున నేనంటున్నా, వెళ్ళొస్తాం!" అని తాతబ్బాయి గెంతాడు.

"నువ్వంటే ఎలా? ఇంటివాడివి నువ్వు."

అదృష్టం బాగుండి, రోగి ఎలా ఉన్నాడో చూద్దామని ఆచారి సైకిల్ మీద అప్పుడే వచ్చాడు. పెద్దాయన అవతారం చూశాడు, సైకిల్ అక్కడే పారేశాడు, అన్నదమ్ములిద్దర్నీ చెవులు పట్టి అవతలికి ఈడ్చి, గొళ్ళెం తీశాడు. తాతబ్బాయి లోపలికి వెళ్ళిన మరుక్షణం వినిపించిన చప్పుడుకి, వానొస్తోందనుకుని వెనక వీధిలో ఆడవాళ్ళు ఎండబెట్టిన వడియాలు తీసేశారు.

ఆయన బయటికి వచ్చినప్పుడు చూడాలి. మొహం వెలిగిపోతోంది. "ప్రాణం లేచొచ్చిందండీ ఆచారిగారూ" అని ఆయన చేతులు పట్టుకున్నాడు.

అన్నదమ్ములు మాత్రం గోడకి చేరబడి భోరుమంటున్నారు. "బొట్టు పెట్టలేదు, బట్టలు పెట్టలేదు. ఒక్క మాట చెప్పకుండా వెళ్ళిపోయారండీ!"

ఆచారికి జాలేసింది. "ఏడవకండయ్యా. వెళ్ళింది కొందరే. ఇంకా కోట్లమంది మీ నాన్న కడుపులో క్షేమంగా ఉన్నారు. పీచు, పెరుగు మానకండి. చూర్ణం ఇంక చాలు" అని ధైర్యం చెప్పి, సైకిల్ ఎక్కి వెళ్ళిపోయాడు.

ఏడుపు టక్కున ఆగింది.

"కొందరు వెళ్ళి, కొందరు ఉండిపోయారా?" అన్నాడు గవర్రాజు.

నాగరత్నం గుండెల మీద చెయ్యేసుకుంది. "అమ్మో! మొగుడు వెళ్ళిపోయి పెళ్ళాం ఇక్కడుంటే? తల్లి అక్కడ, చంటిపిల్ల ఇక్కడ అయితే?"

"ఒక్క కుటుంబాన్ని విడదీసిన పాపం మనకొద్దు" అన్నాడు దొరబాబు.

అంతే! అప్పుడే అరుగు మీద కాళ్ళు చాపుకుని హాయిగా ఊపిరి పీల్చుకుంటున్న తాతబ్బాయిని చెరో రెక్కా పట్టుకుని లేపారు. మోసుకెళ్ళి మరుగుదొడ్డిలో కూర్చోబెట్టారు. బయట గొళ్ళెం పెట్టి, దానికి తాళం కూడా వేశారు.

"ఒరేయ్! నాకయిపోయిందర్రా! తలుపు తియ్యండ్రా!" తాతబ్బాయి లోపల్నించి తలుపు బాదాడు.

గవర్రాజు తలుపు ముందు చేతులు జోడించి, వినయంగా వంగి నిలబడ్డాడు.

"తొందరేం లేదండీ అన్నయ్యగారూ. పిల్లా జెల్లా అందర్నీ కూడదీసుకుని నిదానంగా బయల్దేరండి. మీలో ఆఖరివాడు దిగేదాకా నాన్న అక్కడే ఉంటాడు."