వల కన్నులు

డాక్టర్ భానోజీకి పొద్దున్న రెండో అంతస్తులో కాలేయ రోగుల వార్డు, మధ్యాహ్నం నాలుగో అంతస్తులో పరిశోధన. వార్డులో తోటి డాక్టర్లు అతన్ని పేపర్ల డాక్టరనేవారు. పైన ల్యాబులో వాళ్లకి అతను ఎప్పుడూ ఆలస్యంగా వచ్చే మనిషి. అతను వార్డు నుంచి బయటపడేసరికి కింద వాళ్ల భోజనాలూ అయిపోయేవి, పై వాళ్లవీ అయిపోయేవి. మూడు గంటలకి మూడో అంతస్తు మెట్ల మీద కూర్చుని, చల్లారిపోయిన క్యారేజీ విప్పుకుని ఒక్కడే తినేవాడు.

మూడేళ్లు అలా గడిచాయి. ఎవరితోనూ తగవు లేదు. మాటలూ లేవు.

ఆ వేసవిలో బెంగుళూరు నుంచి ఒక పరిశోధన సంస్థ ఉత్తరం వచ్చింది. అక్కడ రోగుల్ని చూడనక్కర్లేదు, పరిశోధన ఒక్కటే పని. సోమవారంలోగా వస్తానో రానో చెప్పాలి. భానోజీ ఆ ఉత్తరమూ, అచ్చుకి సిద్ధమైన తన పేపరూ పట్టుకుని ఇమ్మానియేలు గారి కోసం ఎదురుచూశాడు.

ఇమ్మానియేలు గారు అతని గురువు. రోగి పొట్ట మీద చెయ్యి ఎలా వెయ్యాలో నేర్పింది ఆయనే. రిటైరై పదేళ్లయినా ప్రతి బుధవారం సిటీ బస్సెక్కి విశాఖ అవతలి కొస నుంచి వార్డుకి వచ్చేవారు. ఆయనా ఒకప్పుడు వార్డునీ ల్యాబునీ రెండు భుజాల మీద మోసినవారే.

భానోజీ తన గోడంతా చెప్పుకున్నాడు. రెండు పడవల్లో కాళ్లు పెట్టి అలిసిపోయానన్నాడు. చివరికి అడిగాడు.

"ఏది వదిలెయ్యమంటారు సార్?"

ఆయన ఆ ఉత్తరాన్ని చూడనే లేదు. పేపరు తీసి నింపాదిగా చదివారు. కాలేయం గట్టిపడినవాళ్లకి రక్తంలోని విషం మెల్లగా మెదడుకెక్కుతుంది. మనిషి మగతలోకి జారిపోకముందే, బుద్ధి కాస్త మందగించినప్పుడే దాన్ని పట్టుకోవడం ఎలాగన్నది భానోజీ పరిశోధన. కాగితం మీద ఒకటి నుంచి ఇరవై అయిదు దాకా అంకెలు చెల్లాచెదురుగా ఉంటాయి. రోగి వాటిని వరసగా గీతతో కలపాలి. ఎంతసేపు పట్టిందో గడియారం చూసి రాసుకుంటారు.

మూడో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆయన వేలు ఆగింది. 'అంకెలు చదవలేని అరవై ఒక్కమందిని మినహాయించాం.'

"వీళ్లెవరు?" అన్నారు.

భానోజీకి ఒక్క పేరూ గుర్తు రాలేదు.

"పద," అని ఆయన లేచారు.

ఏడో మంచం మీద మైలపిల్లి గురయ్య ఉన్నాడు. వలలు అల్లి, బాగుచేసి బతికేవాడు. స్పృహ లేకుండా తెస్తే రెండు రోజులకి, నిన్ననే, తెలివొచ్చింది. పక్కన నేల మీద కూర్చుని అతని భార్య నూకాలు ఎవరిదో చిరిగిన వల ఒళ్లో వేసుకుని బాగుచేస్తోంది. ఇమ్మానియేలు గారు ఆమె పక్కనే స్టూలు లాక్కుని కూర్చుని, జబ్బు మొదట ఎవరు కనిపెట్టారమ్మా అని అడిగారు.

"నానే బాబూ," అంది నూకాలు. "నెల్లాళ్ల కిందట. ముడి బాగానే ఏస్తన్నాడు గానీ, వలలో వరసకో కన్ను తప్పిపోతన్నాడు. నలభై ఏళ్లలో ఒక్క కన్ను తప్పనోడు. ఈ బాబుకే సెప్పినాను."

చేతిలో సూది ఆపకుండానే ఆమె గడ్డంతో భానోజీని చూపించింది. ఆమె గొంతులో కోపం లేదు.

అప్పుడు గుర్తొచ్చింది భానోజీకి. అంకెల కాగితం ముందు పెడితే ఈ ముసలాయన దాన్ని తలకిందులుగా పట్టుకున్నాడు. ఈమె వల గురించి ఏదో చెప్పబోయింది. తను నవ్వి, వరసలో వెనకాల ఉన్న రోగిని పిలిచాడు. ఆ రోజే, ఆ విషాన్ని విరేచనంలో బయటికి పంపే ఒక తియ్యటి సిరప్ రాసిచ్చి ఉంటే గురయ్య మగతలోకి వెళ్లేవాడు కాదేమో.

ఇమ్మానియేలు గారు నూకాలు దగ్గర వల సూది అడిగి తీసుకున్నారు. దాన్ని భానోజీ చేతిలో పెట్టి, తన చేతి గడియారం విప్పి మంచం మీద ఉంచారు.

"ఒక్క వరస అల్లు."

భానోజీ కూర్చున్నాడు. నూకాలు ఒకసారి చూపించింది, రెండోసారి చూపించింది. దారం వేలికి చుట్టుకుంది, ముడి జారింది, ముడికీ ముడికీ మధ్య ఒక కన్ను పిడికిలంత, ఇంకోటి గోరంత అయ్యాయి. చుట్టుపక్కల మంచాల వాళ్లు చూస్తున్నారు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. పది నిమిషాలు పోయాక గురయ్యే మెల్లగా చెయ్యి చాపి సూది తీసుకున్నాడు. అతని చేతులు వణుకుతున్నాయి. అయినా వరస పూర్తిచేశాడు. నూకాలు వేలితో తడిమి, రెండు కన్నులు తప్పాడని చెప్పింది.

ఇమ్మానియేలు గారు భానోజీ జేబులోంచి పెన్ను తీసి, పేపరు వెనక తెల్లగా ఉన్నచోట రాశారు. గురయ్య, నాలుగు నిమిషాలు, రెండు కన్నులు. తర్వాత తలెత్తారు.

"నీకెంతసేపు పట్టింది?"

"నాకు రాలేదు సార్."

"మరి నిన్ను మినహాయించనా?"

పేపరు మడిచి ఇచ్చేసి, ఆయన బస్సు వేళయిందని వెళ్లిపోయారు.

సోమవారం బెంగుళూరుకి, రాలేనని, రెండే వాక్యాల జవాబు వెళ్లింది. పేపరు అచ్చుకి వెళ్లలేదు. భానోజీ ఆ అరవై ఒక్కమంది పేర్లూ బయటికి తీశాడు. ఒకామె బీడీలు చుట్టేది, ఒకాయన తాపీ పని, ఇంకొకామె చేపలు కోసి అమ్మేది. వాళ్ల చేతులకి తెలిసిన పనేమిటో, అది ఎక్కడ తప్పుతోందో ఇంట్లోవాళ్లని అడిగి రాసుకోవడం మొదలుపెట్టాడు. దీనితో ఏం తేలుతుందని ల్యాబులో అడిగారు. వార్డు పని వదిలి ఈ వలల గొడవేమిటని వార్డులో అడిగారు. రెండుచోట్లా మునుపటికన్నా ఇంకాస్త దూరమయ్యాడు.

వానలు పడ్డాక ఒక బుధవారం, రౌండ్ల మధ్యలో, గురువుగారి పక్కన నడుస్తూ అడిగాడు.

"ఈ ఒంటరితనం ఎప్పటికైనా పోతుందా సార్?"

జల్లు లోపలికి కొడుతుంటే ఇమ్మానియేలు గారు కిటికీ తలుపు వేశారు.

"నాకు పోలేదు," అన్నారు. తర్వాత అతని భుజం మీద చెయ్యి వేసి, "పద, తొమ్మిదో మంచం చూద్దాం," అన్నారు.