నాలుగు వేళ్ల మేర

విమలబోధులవారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ముందు కూర్చోమనేవారు. ఒక ఉదయం హైమవతి అనే శిష్యురాలు అడిగింది: "స్వామీ, కీడు జరగకముందే ఆపినవాడికి, తాను ఆపానన్న రుజువేముంటుంది?" ఆయన తానెరిగిన ఒక సంగతి చెప్పారు.

మిరప పండించే ఒక చిన్న పట్నంలో ఏసుపాదం మంచినీళ్ల గొట్టాలు చూసే ఉద్యోగి. ఒకరోజు పొద్దున్నే పల్లంలో పెద్ద గొట్టం పగిలింది. పంపు ఆపించి, మనుషుల్ని మరమ్మతుకు పెట్టి, అతను మెరకవీధి కుళాయిలు చూడబోయాడు. ఆ వీధి చివర కొండారెడ్డి అనే రైతు కుళాయికి రబ్బరు గొట్టం తగిలించి, రెండో కొసను పురుగుమందు కలిపిన డ్రమ్ములో ముంచి, నీళ్లు ఎప్పుడొస్తాయా అని అరుగు మీద కూర్చున్నాడు.

ఏసుపాదం డ్రమ్ములోకి వంగి చూశాడు. తెల్లటి మందునీళ్లు డ్రమ్ము గోడ మీది తడి గుర్తుకు నాలుగు వేళ్లు కిందికి దిగి ఉన్నాయి. చూస్తుండగానే ఇంకాస్త దిగాయి. నీళ్లన్నీ పల్లానికి కారిపోయి ఖాళీ అయిన మంచినీళ్ల గొట్టం, రబ్బరు గొట్టం గుండా మందును లోపలికి లాక్కుంటోంది. అతను రబ్బరు గొట్టం పీకి పారేసి పంపుహౌసుకు ఫోను చేశాడు. ఎవరూ ఎత్తలేదు. మరమ్మతు అప్పటికే అయిపోయింది. కాళ్ల కింద గొట్టంలో గాలి బుసకొట్టడం వినిపించింది. పంపు వేసేశారు.

వీధి మొదట్లో ఉన్న వాల్వు దాకా పరుగెత్తాడు. అది తుప్పుపట్టి ఉంది. అరచేతులు చీరుకుపోయేలా తిప్పి మూశాడు. అప్పటికే వాల్వు పక్క కుళాయి కింద, ఆ వీధి ఇల్లాలు మంగతాయారు బిందె సగం నిండింది. అతను దాన్ని కాలవలోకి వంచేశాడు.

"నీకేం పట్టిందయ్యా? నీళ్లు తేటగానే ఉన్నాయిగా. వాసన కూడా లేదు," అంది ఆమె.

"లేదమ్మా. అయినా తాగొద్దు," అన్నాడతను.

ఆ తరవాత పంపు ఆపించి, గొట్టాలన్నీ రెండు రోజులు కడిగించాడు. ఊరంతా దాహంతో అతన్ని తిట్టింది. కేసవుతుందన్న భయంతో కొండారెడ్డి, డ్రమ్ములో వట్టి నీళ్లేనన్నాడు. కడిగాక పరీక్షకు పంపిన నీళ్లలో ఏ దోషమూ లేదని కాగితం వచ్చింది. మందు లోపలికి పోవడం ఇంకెవరు చూశారని పై అధికారి అడిగాడు. ఎవరూ చూడలేదు. ఊరిని ఉత్తపుణ్యానికి దప్పికతో మాడ్చాడని ఏసుపాదాన్ని బదిలీ చేశారు. కొండారెడ్డి మాత్రం మరెన్నడూ రబ్బరు గొట్టం డ్రమ్ములో ముంచలేదు. బిందెలతో మోసి పోసుకునేవాడు. ఎందుకని ఎవరూ అడగలేదు.

విమలబోధులవారు అన్నారు: "ఊరు విడిచే ముందు ఏసుపాదం నా దగ్గరికి వచ్చాడు. 'అయ్యా, అందరూ అంటుంటే, ఆ డ్రమ్ములో నేను చూసింది నిజమేనా అని నాకే అనుమానంగా ఉంది,' అన్నాడు. రెండు రాత్రులుగా నిద్రపోయినట్టు లేడు."

"మీరేం చెప్పారు స్వామీ?" అంది హైమవతి.

"అతను వచ్చిన వేళ బళ్లో మెరకవీధి పిల్లల హాజరు పిలిచారు. ఒక్కరూ తగ్గకుండా అందరూ పలికారు. ఆ మాటే చెప్పాను."