దిగని సైకిలు, ఎక్కని బండి

బుర్రావారి అన్నదమ్ములకి తమ తెలివి మీద గట్టి నమ్మకం. తమకి ఇంటిపేరులోనే బుర్ర ఉందనీ, ఊళ్ళో మిగతావాళ్ళకి మెడ మీద మాత్రమే ఉందనీ పెద్దోడు అప్పలకొండ చెప్పేవాడు. చిన్నోడు గవరయ్య తలూపేవాడు. అన్న చెప్పిన మాట చెప్పినట్టు చెయ్యడమే గవరయ్య తెలివి.

వాళ్ళిద్దర్నీ పెంచింది పిన్ని పైడమ్మ. బస్సులు ఆగే చోట ఉడకబెట్టిన వేరుశనక్కాయలమ్మి పెంచింది. మొన్నటి వానల్లో జారిపడింది, కాళ్ళు పడిపోయాయి. చేత్తో తిప్పుకునే మూడు చక్రాల బండి ఉంటే మళ్ళీ బస్సుల దగ్గరికి పోగలదు. లేదంటే ఇక గోడని చూస్తూ కూర్చోవడమే.

"ఊరికే అడిగితే పరువు పోద్ది," అన్నాడు అప్పలకొండ. "ఊరికే ఎవరి చేతా ఏదీ చేయించుకోం. కష్టం చూపించి తీసుకుందాం. మూడ్రోజులు సైకిల్ దిగకుండా తొక్కు. జనం వచ్చి చొక్కాకి నోట్లు గుచ్చుతారు."

బడి ముందు మైదానంలో మైకు పెట్టారు. అప్పలకొండ గొంతు సవరించుకుని, "మా పిన్ని మూడు చక్రాల బండెక్కేదాకా మా తమ్ముడు సైకిల్ దిగడు! ఇది ఒట్టు!" అని అరిచాడు. మూడ్రోజులన్న మాట ఆ ఊపులో ఎగిరిపోయింది.

జనం వచ్చారు. గవరయ్య తొక్కుతున్నాడు. సైకిల్ మాత్రం ఉన్నచోటే ఉంది.

"ఏట్రా, స్టాండేసి తొక్కుతున్నాడేటి?" అన్నాడు ఓ ముసలాయన.

"దిగకుండా తొక్కుతాడన్నాం తాతా," అన్నాడు అప్పలకొండ. " ఎక్కడికైనా వెళ్తాడన్నామా?"

జనం లేచిపోబోయారు. అంతే, అప్పలకొండ స్టాండు తన్నేశాడు. గవరయ్య గుండ్రంగా తిరగడం మొదలెట్టాడు. నోట్లు రావడం మొదలైంది. అప్పలకొండ పక్కన పరిగెడుతూ గుండుసూదులతో గుచ్చుతున్నాడు.

"అమ్మా! చొక్కాకే గుచ్చు అన్నా!"

"చొక్కాలో నువ్వున్నావు. నన్నేం చెయ్యమంటావు?"

రెండోరోజు మధ్యాహ్నానికి గవరయ్య కళ్ళు మూతలు పడ్డాయి. ఇంకేముంది, అన్న బిందెడు నీళ్ళు గుమ్మరించాడు. తమ్ముడికి మెలకువొచ్చింది. నోట్లు తడిసి ముద్దయ్యాయి.

"గాలి తగిలితే ఆరతాయి. ఆరేదాకా తిన్నగా పో. మలుపు తిరక్కు!"

గవరయ్య తిన్నగా పోయాడు. మైదానం అయిపోయింది, రోడ్డెక్కాడు. రోడ్డు మలుపు తిరిగింది, గవరయ్య తిరగలేదు. మిరప చేలోంచి దూసుకుపోయాడు. ఓ పెళ్ళిపందిట్లో ఇటు దూరి అటు తేలాడు. ఎవరి తరఫు చుట్టమో తెలీక, ఇవి కూడా చదివింపులే కాబోలనుకుని వాళ్ళూ నాలుగు నోట్లు గుచ్చారు. చివరికి పట్నంలో ఓ గోడకి గుద్దుకుని ఆగాడు. కాలు నేలకి ఆనకుండా గోడకి తన్నిపెట్టాడు.

ఆ గోడ మూడు చక్రాల బండ్లమ్మే కొట్టుది. కొట్టాయన ఒక్కో నోటూ ఊడబీకి, "సరిపోయాయి," అన్నాడు. రొప్పుతూ వచ్చిన అప్పలకొండ బండి తోసుకుంటూ ఇంటికి తెచ్చాడు. గవరయ్య ముందు తొక్కుకుంటూ వచ్చాడు.

పైడమ్మ బండిని తడిమి తడిమి చూసుకుంది. కళ్ళు తుడుచుకుంది. "చెరో చెయ్యీ పట్టి ఎక్కించండ్రా. పొద్దున్నే మొదటి బస్సుకి కాయలు ఉడకాలి."

గవరయ్య వాకిట్లో గుండ్రంగా తిరుగుతున్నాడు.

"దిగరా."

"నువ్వెక్కితే దిగుతాను పిన్నీ."

"నువ్వు దిగితే కదరా నేనెక్కేది!"

"అది ఒట్టులో లేదు పిన్నీ."

పక్కింటి సింహాచలం గోడ మీంచి, "నేనో చెయ్యేస్తానుండండి," అన్నాడు. అప్పలకొండకి పౌరుషం పొడుచుకొచ్చింది. "ఊరికే ఎవరి చేతా చేయించుకోం బాబూ. కూలిచ్చి కలాసీల్ని తెస్తాను."

"కూలికి డబ్బులేవిరా?" అంది పైడమ్మ.

"నీకెందుకు పిన్నీ, బుర్రుంది కదా."

పైడమ్మ పాక్కుంటూ లోపలికెళ్ళి కాయలు కడుక్కుంది. సాయంత్రానికి అప్పలకొండ బరువులు మోసే కలాసీలిద్దర్ని వెంటేసుకొచ్చాడు.

"కూలి ముట్టింది. ఎవర్నెక్కించాలి?" అన్నాడో కలాసీ.

"మా పిన్నిని."

"ఏ బండి మీద?"

అప్పలకొండ ఛాతీ విరిచాడు. "ఆ బండిని అమ్మే కదా మీకు కూలిచ్చింది!"

పైడమ్మ పెద్దోణ్ణి చూసింది. తిరుగుతున్న చిన్నోణ్ణి చూసింది.

"వీడిక దిగడంటావు?"

"నువ్వు మూడు చక్రాల బండెక్కేదాకా చచ్చినా దిగడు. మైకులో చెప్పాం."

"అలాగా. బాబూ కలాసీలూ, నన్నా సైకిల్ వెనక క్యారేజీ మీద కూర్చోబెట్టి తువ్వాలుతో కట్టండి. గంప చేతికివ్వండి."

"ఇప్పుడు దిగొచ్చా అన్నా?" అన్నాడు గవరయ్య ఆశగా.

"చక్రాలు లెక్కెట్టు."

"రెండు."

"అయితే తొక్కు."

మర్నాడు మొదటి బస్సుకి పైడమ్మ కాయలు బస్సుల దగ్గరున్నాయి. బస్సు కిటికీల పక్కగా గవరయ్య తొక్కుతుంటే, వెనక కూర్చుని పొట్లాలందించింది. ఇన్నాళ్ళలో ఎన్నడూ లేనంత త్వరగా గంప ఖాళీ అయింది. "ఇక దించండ్రా, నడుం పట్టేసింది," అందామె సంతోషంగా.

అప్పటికే ఆలస్యమైపోయింది. అప్పలకొండ మళ్ళీ మైకు తెచ్చాడు.

"మా పిన్ని మూడు చక్రాల బండెక్కేదాకా," అని అరుస్తున్నాడు, "మా పిన్ని కూడా సైకిల్ దిగదు!"