ఊకొట్టిన చిలక

అనగనగా ఒక రాజుగారు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ధీరవర్మ వైద్యం నేర్చాడు. నడిపివాడు చిత్రసేనుడు బొమ్మలు వేయడం నేర్చాడు. చిన్నవాడు చంద్రకేతు కనబడ్డవాళ్ళనల్లా కూర్చోబెట్టి కథలు చెప్పేవాడు. "ఒరే, కథలు కూడు పెడతాయా?" అని రాజుగారు కసురుకునేవారు.

ఒకనాడు ఘోరకంఠుడనే మాంత్రికుడు రాణిగారిని ఎత్తుకుపోయి, ఏడు సముద్రాల అవతల రాతిబొమ్మను చేశాడు. అన్నదమ్ములు ముగ్గురూ బయలుదేరారు. దారిలో రెక్క విరిగిన గండభేరుండానికి పెద్దవాడు కట్టు కట్టి నయం చేశాడు. అది ముగ్గురినీ వీపున ఎక్కించుకుని ఏడు సముద్రాలూ దాటించింది.

"నాయనలారా, వాడి ప్రాణం చిలకలో ఉంది. జాగ్రత్త!" అని చెప్పి ఎగిరిపోయింది.

తీరా చూస్తే అక్కడ నూరు చిలకలు! మాంత్రికుడు పకపకా నవ్వాడు.

"తొంభైతొమ్మిది నేను మంత్రించి చేసినవి. ఒక్కదానిలోనే నా ప్రాణం. ఒక్కసారే పట్టుకోవాలి. తప్పారో, మీ అమ్మ పక్కన మీరూ రాళ్ళే!"

పెద్దవాడు ఒక్కో చిలక దగ్గరా చెవి ఒగ్గి విన్నాడు. అన్ని గుండెలూ ఒకేలా కొట్టుకుంటున్నాయి. నడిపివాడు ఈక ఈకా చూశాడు. అన్నీ ఒకటే పచ్చ.

తల్లి రాతిముఖం చూసి చంద్రకేతుకు ఏడుపొచ్చింది. "అన్నా, వాడిదీ మనిషి ప్రాణమే కదా! కథ వింటే కుదురుగా ఉంటుందా? మీరు చూస్తూ ఉండండి" అని కథ మొదలుపెట్టాడు.

"తప్పిపోయిన దూడ కోసం ఒక పిల్లవాడు వానలో అడవికి పోయాడు. పొద్దుగూకినా రాలేదు. తల్లి గుమ్మంలో దీపం పట్టుకుని కూర్చుంది. ఉన్నట్టుండి ఎవరో తలుపు తట్టారు..."

అక్కడ ఆపేశాడు.

"మూడో వరసలో ఒకదాని మెడ వంగింది" అన్నాడు నడిపివాడు.

పెద్దవాడు దాని దగ్గర చెవి పెట్టాడు. "గుండె దడదడలాడుతోందిరా!"

"ఊకొట్టేవాళ్ళు లేకపోతే కథ సాగదు. ఇక చెప్పను" అన్నాడు చంద్రకేతు.

"ఊఁ! ఊఁ! ఇంతకీ వచ్చింది కొడుకేనా?" అంది చిలక.

చంద్రకేతు దాన్ని గభాలున పట్టుకున్నాడు. మాంత్రికుడు చేతులు జోడించాడు.

"చంపకు బాబూ!"

"మా అమ్మను లేపు. కథ పూర్తి చేస్తాను."

మాంత్రికుడు రాతిబొమ్మ మీద మంత్రజలం చల్లాడు.

"వచ్చింది కొడుకే. దూడ కూడా వెంటే ఉంది."

"హమ్మయ్య!" అన్నారు చిలకా, మాంత్రికుడూ ఒక్క గొంతుతో. మాంత్రికుడు కళ్ళు తుడుచుకుని, మళ్ళీ ఎవరి జోలికీ పోనని ఒట్టు పెట్టాడు.

రాణిగారు కళ్ళు తెరిచి కొడుకులను ఎగాదిగా చూసింది. "ఇలా చిక్కిపోయారేమిట్రా? అన్నాలు తిన్నారా?"

ముగ్గురూ ఆమెను పట్టుకుని నవ్వుతూనే ఏడ్చారు. గండభేరుండం మళ్ళీ వచ్చి అందరినీ ఇల్లు చేర్చింది. ఆ ఏడే ఒక్క పందిట్లో మూడు పెళ్ళిళ్ళు జరిగాయి. అన్నదమ్ములు జుట్టు నెరిసేదాకా కలిసి రాజ్యమేలారు.