బోర్డు మీద ఎర్నమ్మ మాట

కృపావతి టీచరుకి ఒక అలవాటుంది. మోటారు మెకానిక్ క్లాసుకి ఏ బండి వచ్చినా, పిల్లలు స్పానర్ పట్టుకోకముందే బండి తెచ్చిన మనిషి చెప్పిన మాటను బోర్డు మీద రాయిస్తుంది. బాగుచేసి కాదు, ఉన్నదున్నట్టు, యాసతో సహా. సముద్రపొడ్డున ఉన్న ఆ హైస్కూలు పిల్లలకి ఈ చాదస్తమంటే ఒళ్లుమంట. పదో తరగతి తనూజకి మరీను. క్లాసులో అందరికన్నా ఆమె చెయ్యే చురుకు. టీచరు సంతకం పెట్టిన రిపేరు కార్డులు ఎనిమిది ఉంటే జిల్లా పోటీకి పంపుతారు. తనూజకి ఏడు ఉన్నాయి.

ఎనిమిదోది ఎర్నమ్మ మోపెడ్. ఆవిడ రేవులో చేపలు ఎత్తుకుని, ఎండెక్కకముందే పట్నం బజారుకి చేరాలి. నెల రోజులుగా బండి దారిలో మాటిమాటికీ ఆగిపోతోంది. బేరాలన్నీ అయిపోయాక, మెత్తబడిన చేపలతో చేరుతోంది. శనివారం సాయంత్రం బండి తెచ్చి ఆవిడ చెప్పిందంతా ఒక్క ముక్క. టీచరు దాన్నే రాయించింది: "మూత తీత్తే ఉస్సుమంటాది, అప్పుడు నడుత్తాది."

పిల్లలు పగలబడి నవ్వారు. పాముందేమో చూడవే అన్నాడొకడు. తనూజ నూనెగుడ్డతో ఆ వాక్యం తుడిచేసి, పక్కన పెద్దక్షరాలతో 'ప్లగ్ పోయింది' అని రాసింది. టీచరు చూసింది. దవడ బిగించింది. తనూజ ఆ నవ్వుల గోలలోనే ట్యాంకు మూత తీసి పెట్రోలుందో లేదో చూసి, ప్లగ్ మార్చి కిక్ కొట్టింది. బండి ఒక్క దెబ్బకి అందుకుంది.

కార్డు తీసుకెళితే టీచరు సంతకం పెట్టలేదు. తనూజ మొహం ఎర్రబడింది.

"బండి నడుస్తోంది కదా టీచర్. ఇంకేం కావాలి మీకు?"

టీచరు కార్డు తిరిగి ఆమె చేతిలో పెట్టింది. రేపు ఆదివారమేగా, ఎర్నమ్మ వెనకాల కూర్చుని బజారు దాకా వెళ్లి రమ్మంది.

తనూజ వెళ్లింది, పళ్లు కొరుక్కుంటూ. చేపల టబ్బుకీ ఎర్నమ్మ వీపుకీ మధ్య ఇరుక్కుని, ఐసు నీళ్లు నడుము మీద కారుతుంటే, దారి పొడుగునా టీచర్ని మనసులో తిట్టుకుంది. సరుగుడు తోటలు దాటగానే బండి దగ్గింది, వణికింది, ఆగిపోయింది. తనూజ దిగి కిక్ మీద కిక్ కొట్టింది. కాలు నొప్పెట్టింది గానీ బండి కదల్లేదు. ప్లగ్ విప్పబోతే ఎర్నమ్మ ఆ చెయ్యి పక్కకి నెట్టేసింది.

"సెప్పేను గాదేటే నాను? నా మాట నీకు నవ్వులాటైపోనాదా? నా సేపలు కుళ్లిపోతే నువ్వు తింటావేటి?"

అంటూనే ట్యాంకు మూత తిప్పింది. ఉస్సుమంది, ఎవరో లోపల ఊపిరి బిగబట్టి కూర్చున్నట్టు. కిక్ కొడితే బండి అందుకుంది.

తనూజ ఆ మూత లాక్కుని తిరగేసి చూసింది. లోపలివైపు పాలిథీన్ కవరు ముక్క మడతపెట్టి బిగించి ఉంది. మూతకున్న సన్నటి చిల్లు పూర్తిగా మూసుకుపోయింది. ట్యాంకులోకి గాలి పోకపోతే పెట్రోలు కిందికి దిగదు. ఇది తొమ్మిదో తరగతి పాఠం. నిన్న తను మూత తీసినప్పుడు గాలి దూరింది కాబట్టే బండి నడిచింది. ప్లగ్‌కి ఏ రోగమూ లేదు.

కవరు ఎవరు పెట్టారని అడిగింది. వానకి నీళ్లు దిగిపోతన్నాయని నానే పెట్టేను, అంది ఎర్నమ్మ. మరి చెప్పలేదేమని తనూజ గట్టిగా అంది.

"అడిగేవేటి నువ్వు?"

కవరు పీకేశాక బండి బజారు దాకా మళ్లీ ఆగలేదు. ఎర్నమ్మ చేపలు దించుకుంది. తిరిగి చూడను కూడా లేదు.

సోమవారం తనూజ కార్డు తెచ్చి టీచరు బల్ల మీద దాదాపు విసిరినట్టే పెట్టింది. ఆమె కోపం ఇంకా దిగలేదు, ఎవరి మీదో మాత్రం ఇప్పుడు తేలడం లేదు. అసలు లోపం దొరికింది, సంతకం పెట్టండి అంది. కార్డులో 'లోపం కనిపెట్టినవారు' అన్నచోట తన పేరు రాసుకుంది.

టీచరు ఆ పేరు చదివింది. తలెత్తి బోర్డు వైపు చూసింది. నూనెగుడ్డతో తుడవడం వల్ల సుద్దముక్క అక్షరాలు పూర్తిగా పోలేదు. ఆ జిడ్డులోంచి ఎర్నమ్మ వాక్యం తెల్లగా, వంకరగా కనబడుతోంది. తనూజా అటే చూసింది.

టీచరు కార్డు మీది ఆ పేరు మీద వేలు పెట్టి, కార్డు వెనక్కి తోసింది.

"ఆవిడ ఇంటిపేరు కనుక్కుని రా," అంది.